ఏసీ గదిలో అటక మూత: కావలి వైపు ఒక పెంకుటింటి కేసు

నెల్లూరు జిల్లాలో ఫాల్స్ సీలింగులు, ఇంటి పైకప్పు వేడి తగ్గించే పనులు చేస్తుంటాను. పాత పెంకుటిళ్లలో ఒక గదికి ఏసీ పెట్టించుకుని, కింద సీలింగు కొట్టించుకుని, అటకలోకి ఎక్కడానికి ఓ కంత వదిలేసుకున్నవాళ్లు ఈ మధ్య చాలామంది ఫోన్ చేస్తున్నారు. అందరూ అడిగేది ఒకటే, "ఆ మూతకి ఏం అతికిస్తే వేడి ఆగుద్ది?" అని. ఈ కేసు రాయడానికి కారణం ఆ ప్రశ్నే. ఏం అతికించాలన్నది తర్వాత సంగతి, ముందు ఆ కంతలోంచి గాలి ఎటు పోతోందో చూడాలి. ఇంటివాళ్ల వివరాలు, ఊరి పేరు తీసేశాను. కొలతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ఇల్లు కావలికి తూర్పు వైపు, హైవేకీ సముద్రానికీ మధ్య. ముందు భాగం మిద్దె, వెనక భాగం మంగళూరు పెంకులు. పెంకుల కింద దూలాల మీద పలకలు పరిచిన పాత అటక. రిటైరైన మాస్టారు, ఆయన భార్య ఉంటారు, కొడుకు హైదరాబాదులో ఉద్యోగం. పెంకుల కిందున్న పడకగదికి కొడుకు టన్నున్నర ఏసీ పెట్టించి, జిప్సం సీలింగు వేయించి, దాని మీద 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (రాతి పీచుతో చేసిన, వేడి ఆపే పరుపు) కూడా పరిపించాడు. ఇది మామూలుగా ఎవరూ చేయరు, కాబట్టి కొడుకు కొంచెం చదువుకునే దిగాడన్నమాట. అదే ఊపులో గదికి ఆనుకుని బాత్రూం కూడా కట్టించాడు. గది సుమారు పన్నెండు బై పద్నాలుగు అడుగులు. సీలింగులో ఓ మూల రెండున్నర అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు కంత. దానికి అల్యూమినియం యాంగిల్ ఫ్రేము, 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మూత, రెండు బందులు, ఒక చిన్న గడియ. కంత అంత పెద్దది ఎందుకంటే అటక మీద ఇత్తడి గంగాళాలు, ఖాళీ ఆవకాయ జాడీలు ఉన్నాయి, అవి దిగాలి.

ఫిర్యాదు మాస్టారి మాటల్లోనే: "ఏంది బాబూ ఇది, మధ్యాహ్నం పూట ఏసీ పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. రాత్రి తొమ్మిదయ్యాక మాత్రం దుప్పటి కావాల."

ఈ ఒక్క వాక్యంలో సగం రోగం దొరికింది నాకు. పాత ఇళ్లలో ఇటుక గోడలు మందంగా ఉంటాయి, పగలు తాగిన వేడిని సాయంత్రం నుంచి లోపలికి వదులుతాయి. కాబట్టి గోడల వల్ల బాధయితే రాత్రి ఏడు నుంచి పది మధ్య ఎక్కువుండాలి. వీళ్లకి ఒంటి గంట నుంచి నాలుగింటి దాకా నరకం, ఎండ తగ్గగానే తగ్గిపోతోంది. పెంకు పల్చన, ఎండ తగిలిన వెంటనే కాగుతుంది, పొద్దు గుంకగానే చల్లారుతుంది. అంటే వేడి అటకలోంచే వస్తోంది, అదీ ఆలస్యం లేకుండా. రాక్‌వూల్ పరిచిన సీలింగులోంచి అంత త్వరగా, అంత ఎక్కువగా రాదు. ఇక మిగిలింది కంత.

నేను వెళ్లేసరికి మూడు వైద్యాలు అయిపోయి ఉన్నాయి. ఏసీ మెకానిక్ ఒకాయన వచ్చి ఫిల్టర్లు కడిగి, గ్యాస్ నింపి, అయినా తగ్గలేదని రెండు టన్నుల మెషిన్ పెట్టుకోమన్నాడు. ఏసీ సామర్థ్యం బయట 35 డిగ్రీలున్నప్పుడు కొలిచి లేబుల్ మీద రాస్తారు, మన దగ్గర రోహిణి కార్తెలో 43, 44 దాటుతుంది కాబట్టి అప్పుడు అది లేబుల్ మీద ఉన్నంత ఇవ్వదు, నిజమే. కానీ అదే ఏసీ రాత్రి దుప్పటి కప్పిస్తోందంటే మెషిన్ చిన్నదని ఎలా అంటాం? రెండో వైద్యం, రిమోట్ 18 మీద పెట్టేయడం. 2020 నుంచి స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చేయగానే 24 చూపించాలని నియమం వచ్చింది, అయినా మనవాళ్ల వేలు పోయేది 18 మీదికే.

మూడోది అబ్బాయి చేసింది. వీడియోలు చూసి, ఆన్‌లైన్లో బుడగల ఫాయిల్ షీటు తెప్పించి, మూతకి గది వైపు నున్నగా అతికించాడు. అతికించినప్పుడు చూడటానికి బాగానే ఉందట. వానాకాలం మొదలయ్యాక మూత దగ్గర ముక్క వాసన, ఫాయిల్ అంచులు ఊడదీసి చూస్తే లోపల ప్లైవుడ్ నల్లగా బూజు పట్టి ఉంది. అల్యూమినియం ఫ్రేముకి చెమట పట్టి బొట్లు బొట్లుగా మంచం మీద పడ్డాయి. పెంకు కారుతోందనుకుని మనిషిని పిలిపించి పెంకులు కూడా సర్దించారు, కారడం ఆగలేదు.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ ఒక్క ముక్క తెలియక డబ్బు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ. ఆ వీడియోలు ఎక్కువగా చలి దేశాలవి. అక్కడ చలికాలంలో ఇంట్లోపల వెచ్చగా, తేమగా ఉంటుంది, పైన అటక చల్లగా, పొడిగా ఉంటుంది. తేమ లోపల్నించి పైకి పోతుంది కాబట్టి దాన్ని ఆపే పొర గది వైపు వేయమంటారు, వాళ్లకది సరైనదే. మనకి తిరగబడుతుంది. అటకలో సముద్రపు గాలి, కింద ఏసీ గది. ఈ తీరంలో వేసవి చివర, వానాకాలంలో గాలిలో తేమ ఎంతుంటుందంటే, 25 డిగ్రీల దగ్గర ఏ వస్తువు తగిలినా నీళ్లు కక్కే రోజులు మామూలు. ఏసీ 18 మీద పెట్టి, అది సరిగ్గా మూతకి ఎదురుగా ఊదుతుంటే, ఫాయిల్ ఆ 25 డిగ్రీలకి కిందే ఉంటుంది. తేమ పైనుంచి ప్లైవుడ్ గుండా దిగి, చల్లటి ఫాయిల్ వీపుకి తగిలి అక్కడే నీరవుతుంది, బయటికి పోయే దారి ఫాయిలే మూసేసింది. అల్యూమినియం ఫ్రేము కథ ఇంకా సులువు: లోహం చలిని కింద నుంచి పైకి మోసుకుపోతుంది, అటకలోని తడి గాలి దానికి తగిలి కారుతుంది. చల్లటి మజ్జిగ గ్లాసు బయట చెమట పట్టినట్టే, అందులో పెంకుల తప్పేం లేదు.

నేను మొదట చూసింది మూత అంచుల కింద సీలింగు మీద ఉన్న నల్లటి చారలు. కంత చుట్టూ బొగ్గుతో గీసినట్టు గీత, బందుల వైపు పల్చగా, గడియకి అటూఇటూ మూలల దగ్గర చిక్కగా. అది తేమ మరక కాదు, దుమ్ము. పైనుంచి గాలి సందుల్లోంచి కిందికి దూకుతూ అటక దుమ్ముని అంచుల దగ్గర వదిలేస్తే అలా వస్తుంది. ఒక్క గడియ మధ్యలో పట్టుకుంటోంది, పల్చటి ప్లై మూలలు కిందికి వాలాయి, సందు కొన్నిచోట్ల అర సెంటీమీటరు పైనే.

దేవుడి గూట్లోంచి అగరబత్తి ఒకటి అడిగి తీసుకుని వెలిగించి, మూత మూల దగ్గర పట్టుకున్నాను. పొగ పైకి పోకుండా నా మొహం మీదికి కొట్టింది. ఏసీ గదుల్లో చల్లగాలి బరువుగా తలుపు కింది సందుల్లోంచి జారిపోతుంటే, పైన ఉన్న కంతలోంచి వేడి గాలి దిగడం మామూలే, కానీ ఇంత జోరుగా దిగదు. ఏదో లాగుతోంది. చెవి పెట్టి వింటే బాత్రూంలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతోంది. "అది ఎప్పుడూ ఆపం బాబూ, తడి వాసనొస్తది" అన్నారు ఆ ఇంటమ్మ. బాత్రూం కిటికీ గట్టిగా మూసి ఉంది, తలుపు కింద అంగుళం సందు. అంటే ఆ ఫ్యాను ఇరవై నాలుగ్గంటలూ పడకగదిలోని చల్లగాలిని లాగి బయట పడేస్తోంది, ఆ లోటుని అటక నింపుతోంది. ఫ్యాన్ ఆపించి మళ్లీ అగరబత్తి పెట్టాను. పొగ కాస్త వణికి, నెమ్మదిగా పక్కకి పోయింది.

మాస్టారు లెక్కల మాస్టారే కాబట్టి కూర్చుని లెక్క వేశాం. మూత విస్తీర్ణం అర చదరపు మీటరు కూడా లేదు. 6 మిల్లీమీటర్ల ప్లై గుండా, పైన 50 డిగ్రీలు, కింద 25 ఉంటే, మూత నిలువునా దిగే వేడి 50 వాట్లకి లోపే. సీలింగు విస్తీర్ణంలో మూత మూడు శాతం, సీలింగులోంచి దిగే వేడిలో మాత్రం ఆరో వంతు దాకా దానిదే. చూడటానికి అన్యాయంగానే ఉంది కానీ టన్నున్నర ఏసీ అంటే 5 కిలోవాట్ల పైన, దానికి 50 వాట్లు లెక్కే కాదు. గాలి లెక్క చూడండి. చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ లాగే గాలిలో గంటకి వంద ఘనపు మీటర్లు కంతలోంచి దిగుతుందనుకున్నా, 50 డిగ్రీల ఆ గాలిని 25కి చల్లార్చడానికే ముప్పావు కిలోవాట్. దానిలోని తేమని నీరుగా మార్చడానికి దాదాపు ఇంకో ముప్పావు. ఏసీ శక్తిలో పావు వంతుకి పైగా ఆ సందుకే పోతోంది. మూత మీద ఎంత మందం దుప్పటి పరిచినా ఇందులో ఒక్క వాటు తగ్గదు, గాలి దుప్పటి పక్కనుంచి వస్తుంది గనక.

ముందు ఏం ముట్టుకోకుండా ఫ్యాన్ ఒక్కటీ పగలు ఆపి చూడమన్నాను. రెండు కారణాలు కలిసి ఉన్నప్పుడు ఒకదాన్ని విడదీసి చూస్తే తర్వాత ఖర్చు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది, పైగా దీనికి పైసా ఖర్చు లేదు. మధ్యాహ్నం మూడింటికి గదిలో 30 ఉండేది 28కి దిగింది. బాత్రూంలో మాత్రం ముక్క వాసన మొదలైంది, అది ఊహించిందే. ఆ తర్వాత మూత చుట్టూ మామూలు ఫోమ్ టేపు వేయించాను, తాత్కాలికం అని చెప్పే వేయించాను. సందు పూర్తిగా మూస్తే గది ఎంత మారుతుందో తెలియాలి, అంతే. ఇంకో డిగ్రీ పైన దిగింది. కానీ నెల తిరక్కుండానే టేపు అణిగిపోయి కాగితంలా అయింది, రెండు చోట్ల అటక వేడికి జిగురు మెత్తబడి వేలాడింది. తెరిచి మూసే మూతకి ఆ టేపు నిలవదు, అందులో గాలి బుడగలు ఒకసారి నలిగితే మళ్లీ లేవవు. షాపులో మొదట చేతికిచ్చేది అదే, ధర కూడా తక్కువ, అందుకే ఈ మాట.

అసలు పని మొదలుపెట్టే ముందు చర్చ బాగా జరిగింది. అబ్బాయి ఫోన్లో, "అన్నా, ఆ కంత శాశ్వతంగా మూసేయండి, గోల వదిలిపోద్ది" అన్నాడు. వాళ్లమ్మ ఒప్పుకోలేదు, జాడీలు దిగకపోతే ఆవకాయ ఎక్కడ పెట్టేదని. నేనూ ఆమె వైపే, జాడీల కోసం కాదు. ఆ అటకలో పాత వైరింగు జంక్షన్లున్నాయి, ఎలుకలు, ఉడుతలు తిరుగుతాయి, పెంకు జారితే పైనుంచే కనిపిస్తుంది. చూడటానికి దారి లేని అటక ప్రమాదం. ఏసీ లేని వసారాలోకి కంతని మార్చడం నాకు అన్నిటికన్నా నచ్చిన దారి, కంత ఏసీ గదిలో లేకపోతే బాధే లేదు కదా. కానీ వసారా దగ్గర కప్పు వాలు దిగిపోతుంది, మనిషి పాక్కుంటూ కూడా పోలేడు. అలా ఉన్నచోటే ఉంచి బాగుచేయడం మిగిలింది.

పైనుంచి ఫ్రేములో కూర్చునే బరువైన మూత పెడితే గాలి బాగా ఆగుతుంది, దాని బరువే దాన్ని నొక్కి పెడుతుంది. కానీ నిచ్చెన మీద నిలబడి తల పైకి మూతని ఎత్తి పక్కకి తోయాల్సిన పని డెబ్బై దాటిన మనిషికి పెట్టకూడదు. అందుకని కిందికి తెరుచుకునే మూతే ఉంచి, నొక్కే పని క్లాంపులకి అప్పగించాం.

అల్యూమినియం తీసేసి టేకు ఫ్రేము వేయించాను. ఈ పనిలో అందరూ వదిలేసేది ఫ్రేముకీ జిప్సం బోర్డుకీ మధ్య ఉండే సందు. కింద బీడింగ్ (సన్నటి చెక్క పట్టీ) కొట్టేస్తే కనిపించదు, గాలికి మాత్రం కనిపిస్తుంది. దాన్ని పీయూ ఫోముతో (కొట్టగానే ఉబ్బి గట్టిపడే నురగ) నింపి, ఆరాక చెక్కి, పైన అక్రిలిక్ సీలెంట్ పెట్టాం. కంత అంచుల్లో రాక్‌వూల్ ఎలుకలు లాగేసి చిందరవందరగా ఉంటే, చుట్టూ చెక్కతో జానెడు ఎత్తు గట్టు కట్టి మళ్లీ పేర్చాం. గట్టు లేకపోతే మనిషి ఎక్కిన ప్రతిసారీ అది కిందికి రాలుతుంది.

మూత 12 మిల్లీమీటర్ల నీటికి తట్టుకునే ప్లై. పల్చటిదైతే మళ్లీ మూలలు వాలతాయి. దాని మీద 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ షీటు (గట్టిగా, చిక్కగా ఉండే ఫోము పలక), మామూలు తెల్ల థర్మాకోల్ కాదు, అది తేమ పీలుస్తుంది, గుల్లగా రాలుతుంది. ఎక్స్‌పీఎస్ మీద పల్చటి జీఐ (జింకు పూత ఇనుప) రేకు. రేకు మూడు పనులు చేస్తుంది: ఎలుక పళ్లని ఆపుతుంది, వైరు నిప్పురవ్వ పడితే షీటుకి తగలనివ్వదు, తేమని పైనే ఆపేస్తుంది. మన వాతావరణంలో ఆ పొర ఉండాల్సింది పైనే. రేకుని పక్కలకి మడిచాం కానీ ఫ్రేము దాకా దించలేదు, అంగుళం పైనే ఆపి మిగతాది ఫాయిల్ టేపుతో అంటించాం. దింపితే మళ్లీ అల్యూమినియం కథే. గది వైపు పెయింటు తప్ప ఏమీ లేదు, చెక్కలోకి కాస్త తేమ పోయినా కిందికి ఆరిపోవాలి. మొత్తం మూత ఆరు కిలోల చిల్లర, పక్కన గొలుసు కట్టాం, తెరిస్తే తల మీద పడకుండా.

రబ్బరు విషయానికి, లోపల బోలుగా ఉండే డీ ఆకారపు ఈపీడీఎం గాస్కెట్ (ఎండకీ తేమకీ తట్టుకునే రబ్బరు పట్టీ), ఫ్రేముకే వేశాం. మూతకి వేస్తే దించే జాడీలు, గంగాళాలు గీసి ఊడదీస్తాయి. మూలల్లో కోసి అంటించకుండా ఒకటే ముక్కని వంచి తిప్పాం, అతుకు బందుల వైపు ఒక్కచోటే. బందుల వైపు ఒక చిక్కుంది: అటు మూత ముందుగా రబ్బరుకి తగిలి నలుపుతుంది, అప్పుడు ఎదురు వైపు మూసుకోదు. బందుల కింద 3 మిల్లీమీటర్ల చెక్క ముక్క పెట్టి దించితే సర్దుకుంది. క్లాంపులు మూడు, ఎదురు వైపు రెండు మూలల దగ్గర, ఒకటి మధ్యలో. అన్నీ స్టెయిన్‌లెస్, స్క్రూలతో సహా. సముద్రపు గాలికి మామూలు ఇనుము రెండు వానాకాలాలు కూడా ఉండదు.

పనంతా పొద్దున ఎనిమిది లోపు, మెయిన్ ఆపి. మే నెలలో పెంకుల కింద పదకొండింటికి పనివాణ్ణి ఎక్కించడం అంటే వడదెబ్బకి పంపడమే. రాక్‌వూల్ ముట్టుకుంటే మాస్కు, చేతులకి గ్లోవ్స్.

బాత్రూం ఫ్యానుకి టైమర్ స్విచ్ పెట్టించాం, స్నానం అయ్యాక ఇరవై నిమిషాలు తిరిగి ఆగిపోతుంది. కిటికీలో పై అద్దం తీసి దోమల వల ఉన్న రెక్కల చట్రం పెట్టి, తలుపు కింద సందు మూశాం. ఇప్పుడు ఆ ఫ్యాను గాలి కావాలంటే బయట్నుంచి తెచ్చుకుంటుంది. నన్నడిగితే ఈ కేసులో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే, మూతకి అయిన ఖర్చులో చిన్న ముక్క.

పరీక్షకి అగరబత్తి మళ్లీ వెలిగింది, పొగ కదల్లేదు. ఇంకో రెండు ఉన్నాయి, ఎవరైనా చేసుకోవచ్చు. పది రూపాయల నోటు సందులో పెట్టి మూత బిగించి లాగాలి, నాలుగు వైపులా నోటు బిగుతుగా రావాలి. ఎక్కడైనా జారిపోతే అక్కడ రబ్బరు నొక్కుకోలేదు. రెండోది, రాత్రి ఫోన్ టార్చి వెలిగించి అటకలో పెట్టి, మూసి, గది లైట్లు ఆర్పి చూడాలి. ఇక్కడ నోటు పరీక్షలో ఒక మూల తప్పింది, క్లాంపు ఒక మర బిగిస్తే పట్టింది.

తర్వాతి ఎండల్లో మధ్యాహ్నం మూడింటికి గది 25, 26 దగ్గర నిలబడుతోంది, రిమోట్ 25 మీదే. మూత కింది ముఖం అంతకుముందు 38 చూపించేది, ఇప్పుడు పక్క సీలింగుకీ దానికీ డిగ్రీ తేడా. చెమట, వాసన లేవు. కరెంటు బిల్లు తగ్గిందా అని అబ్బాయి అడిగాడు. పెద్దగా తగ్గలేదు, ఎందుకంటే ఇంతకుముందు మధ్యాహ్నం ఉపయోగం లేదని వేప చెట్టు కిందికి పోయే మాస్టారు ఇప్పుడు ఏసీలోనే పడుకుంటున్నారు. యూనిట్లు చూపించి మాట ఇచ్చేవాళ్లని నేను నమ్మను, మనుషులు వాడకం మార్చుకుంటారు.

మీ ఇంట్లో ఇదే బాధైతే, నేను చూసే వరుస: ఎప్పుడు వేడెక్కుతోంది, దుమ్ము చారలున్నాయా, లాగే ఫ్యాను ఏదైనా ఉందా, ఆ తర్వాత సందు, అన్నిటికన్నా చివర మూత మందం. సీలింగు మీద అసలేమీ పరచని ఇల్లయితే ఈ వరుస మారుతుంది, అక్కడ సీలింగు మొత్తం నుంచే కిలోవాట్ దాకా దిగుతుంది కాబట్టి అదీ పెద్ద ఖర్చు కిందే చూడాలి.

కార్తీకంలో వానలు పట్టాక ఒకసారి వెళ్లి చూశాను. టేకు ఫ్రేము ఓ మూల కాస్త ఉబ్బి క్లాంపు బిగుసుకుంది, రెండు మిల్లీమీటర్లు చెక్కి రంగు వేయించాను. ఇంకో కొత్త సంగతి బయటపడింది: పెంకు జారి చినుకు పడితే ఇంతకుముందు మూత సందులోంచి మంచం మీద పడి వెంటనే తెలిసేది, ఇప్పుడు రేకు మీదే నిలిచిపోతుంది, ఎవరికీ తెలియదు. మన జిల్లాలో పెద్ద వానలు అక్టోబరు తర్వాతే కాబట్టి, ఏటా సెప్టెంబరులో పెంకులు సర్దించి, అప్పుడే ఒకసారి మూత తెరిచి రేకు మీద చెయ్యి పెట్టి చూడమని చెప్పి వచ్చాను.